నేను చూడని కంప్యూటరు

మా పిన్ని ఎర్రర్ మెసేజ్ చెబితే వినేవాళ్లకు కళ్లనీళ్లు తిరుగుతాయి. పెంచి చెప్పడం లేదు. ఓ మధ్యాహ్నం ఆఫీసు మీటింగులో ఉండగా ఫోన్ మోగింది. పిన్ని ఆ వేళప్పుడు చెయ్యదే అని కంగారుపడి, తలుపు తోసుకుని వరండాలోకి పరుగెత్తి ఎత్తాను. అవతలి నుంచి, కొడుకు శవం ముందు కూర్చున్న తల్లి గొంతు.

"అబ్బయ్యా... నీ ప్రోగ్రామ్ స్టార్ట్ కాలేదంట నాయనా... ఏందో డీఎల్‌ఎల్ అంట... అది ఈ కంప్యూటర్లో లేదంట... మిస్సింగ్ అంట అబ్బయ్యా!"

ఊళ్లో ఎవరో పోయారనే అనుకున్నాను. తీరా చూస్తే పోయింది ఓ లైబ్రరీ ఫైలు. ప్రోగ్రామ్‌తో పాటు దాన్ని కూడా పంపాలన్న సంగతి నేనే మరిచిపోయాను.

"దానికింత ఏడుపెందుకు పిన్నీ?"

"మిస్సింగ్ అంటే మరెట్టా చెప్పాలి? నవ్వుతా చెప్పాలా?" అంది, టక్కున మామూలు గొంతులోకి వచ్చేసి. వెనకాల ఎవరో పకపకా నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

ఆవిడ డబ్బింగ్ ఆర్టిస్టు. నేను పుట్టకముందే నెల్లూరు నుంచి చెన్నై వచ్చి కోడంబాక్కంలో స్థిరపడింది. తమిళ సినిమాలు తెలుగులోకి వచ్చేటప్పుడు అందులోని తల్లులు, అత్తలు, నర్సులు, వీధి కుళాయి దగ్గర జుట్లు పట్టుకునే ఆడవాళ్లు, వీళ్లందరికీ తెలుగు గొంతు పిన్నిదే. పేరు తెర మీద ఎక్కడా పడదు. అయినా మీరెప్పుడో ఒకప్పుడు టీవీలో ఆవిడ నోట శాపనార్థాలు విని ఉంటారు. నాకు ఊరి చివర ఐటీ కంపెనీలుండే ఓఎమ్మార్‌లో ఉద్యోగం వచ్చినప్పుడు, గది దొరికేదాకా ఓ నెల ఉంటానని ఆవిడ ఫ్లాట్‌లో దిగాను. ఆ తర్వాత గది వెతకడం నేనూ మానేశాను, అడగడం ఆవిడా మానేసింది.

ఈ ప్రోగ్రామ్ గొడవంతా పిన్ని కళ్ల వల్ల మొదలైంది. ఒకప్పుడు డైలాగు కాగితాన్ని ముఖానికి ఎదురుగా పట్టుకుని చదివే మనిషి, ఉన్నట్టుండి దాన్ని చెవి పక్కన పట్టుకుని, తల అటు తిప్పి, ఓరగా చదవడం మొదలుపెట్టింది. ఏదో కొత్త పాత్ర తాలూకు సాధన కాబోలు అనుకున్నాను. ఓ రోజు గుమ్మంలో నిలబడ్డ కొరియర్ అతన్ని నేననుకుని "బూట్లు విప్పి రా" అని కసిరింది. అతను పాపం విప్పేశాడు కూడా. అప్పుడు నాకు భయం వేసి కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. చూపు మధ్యభాగం దెబ్బతింటోంది అన్నాడాయన. పక్కలు తెలుస్తాయి, ఎదురుగా ఉన్నదే మసక. పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకుందాం అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఈ సంగతి స్టూడియోలో తెలిసిందో, నిన్ను చంపేస్తా" అంది.

అంత పట్టుదల ఎందుకంటే, సరిగ్గా అప్పుడే ఆవిడకు జీవితంలో మొదటిసారి పూర్తి వేషం దొరికింది. ఓ తమిళ సినిమాలో బామ్మ పాత్ర. మొదటి సీను నుంచి చివరిదాకా ఉంటుంది, సినిమా అంతా ఆ ముసలావిడ మాట మీదే నడుస్తుంది. అంతకుముందు పిన్ని చేసినవన్నీ రెండు మాటలు, మూడు కేకలు. "ఇది చేసినాక చచ్చినా పర్లేదు రా" అనేది. "అవేం మాటలు పిన్నీ" అంటే, "సరే, చేసినాక బతుకుతాలే" అనేది. ముసలి గొంతు పెట్టగల ఆడపిల్లలు ఆ వీధుల్లో బోలెడు మంది ఉన్నారు, పైగా గడగడా చదివేస్తారు. పిన్నికి కళ్లు కనిపించడం లేదని తెలిస్తే సాయంత్రానికల్లా వేషం చేతులు మారిపోతుంది. డైలాగులు ముందే కంఠస్థం చేసి వెళ్దామంటే, పెదాల కదలికకు మాట కుదరలేదని డబ్బింగ్ డైరెక్టరు మైకు ముందే లైన్లు మార్చేస్తాడు. చదవక తప్పదు.

"పెద్ద పెద్ద అక్షరాలతో మైకు పక్కన ఓ టీవీలో వస్తే చదవగలవా?" అని అడిగాను.

"ఎంత పెద్దయి?"

"మన బస్టాండులో పోస్టరంత."

పిన్ని ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి నేను చాలా పెద్ద మాట ఇచ్చేశాను. రెండు ఆదివారాల్లో తయారైపోతుందన్నాను.

చిక్కేమిటంటే, నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది లినక్స్. స్టూడియో కంప్యూటర్లో ఉన్నది విండోస్. ఒకదాని కోసం తయారైన ప్రోగ్రామ్ రెండోదాంట్లో నడవదు. ఆఫీసువాళ్లిచ్చిన ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉంది గానీ, దాంట్లో మన సొంత సాఫ్ట్‌వేర్ పెట్టడం కాదు కదా, పెన్‌డ్రైవ్ గుచ్చినా పైవాళ్లకి మెయిల్ వెళ్లిపోతుంది. పోనీ నా సొంత దాంట్లో విండోస్ వేసుకోవచ్చుగా అని మీరడగొచ్చు. మా స్నేహితులంతా అదే అడిగారు. వేసుకోను. కాలేజీ రోజుల నుంచి అది నాకు నిష్ఠ. కొందరు ఉల్లిపాయ తినరు, నేను విండోస్ వాడను. దానికి కారణాలు అడిగితే ఓ గంట చెబుతాను, అందుకే ఎవరూ రెండోసారి అడగరు.

కాబట్టి నా ల్యాప్‌టాప్‌లో కూర్చుని, దానికి పనికిరాని ప్రోగ్రామ్‌ని వేరే కంప్యూటర్ కోసం తయారు చేయాలి. అలా చేసిపెట్టే పనిముట్లున్నాయి, క్రాస్ కంపైలర్లంటారు. మనిషిని చూడకుండా ఆది జాకెట్టు మీద కొలతలు తీసుకుని కొత్త జాకెట్టు కుట్టినట్టుంటుంది ఆ పని. నాకు ఆది జాకెట్టు కూడా లేదు. ఆ డబ్బింగ్ థియేటర్లోకి బయటివాళ్లను రానివ్వరు. విడుదల కాని సినిమాలు, లీకవుతాయని భయం. ఫోన్లు గుమ్మం దగ్గర డబ్బాలో వేసి లోపలికెళ్లాలి. ఆ కంప్యూటర్‌కి ఇంటర్నెట్ గాలి కూడా సోకనివ్వరు. నేను తయారు చేసింది పెన్‌డ్రైవ్‌లో వేసి పిన్ని టిఫిన్ సంచీలో పెడితే, ఆవిడ తీసుకెళ్లి సౌండ్ ఇంజనీరుకిస్తుంది. ఏమైందో మధ్యాహ్నం భోజనాలప్పుడు బయటికొచ్చి ఫోన్ చేస్తుంది.

ఇదంతా పిన్నికి ఓపిగ్గా వివరించాను. శ్రద్ధగా విన్నది.

"అంటే నువ్వు చేసేది కూడా డబ్బింగే కదరా. ఈడ కూర్చుని ఇంకోడి నోటికి సరిపోయేట్టు మాటలు కుట్టటం" అంది.

ఇంజనీరింగ్ చదివినవాణ్ని, నాకు కాస్త రోషం వచ్చింది. తేడాలు చెప్పబోయాను. ఏ తేడా చెప్పినా "అదేగా మేమూ చేసేది" అంటుంటే విసుగొచ్చి ఊరుకున్నాను.

సౌండ్ ఇంజనీరుది ఉత్తర చెన్నైలోని తిరువొత్తియూరు. తాతల కాలం నుంచీ అక్కడే ఉన్న తెలుగు కుటుంబం. పెద్దమనిషి, మంచివాడు, పిన్నిని 'అక్కా' అంటాడు. పిన్ని అతనికి అసలు సంగతి చెప్పలేదు. "మా అక్క కొడుకు సరదాకి చేస్తా ఉన్నాడు, అందరికీ సౌకర్యంగా ఉంటాదని" అని మాత్రం చెప్పింది. తెర మీద ఏమొచ్చినా "అద్దాలు మర్చిపోయా, నువ్వే చదువు" అంటుంది. అతను చదువుతాడు, ఈవిడ దానికి భావం జోడించి నాకు ఫోన్‌లో అప్పజెబుతుంది. నా ఎర్రర్లు కూడా డబ్బింగ్ అయి వచ్చేవన్న మాట.

లైబ్రరీ జత చేసి పంపాను. ఈసారి వీధి రౌడీని నిలదీసే గొంతుతో ఫోనొచ్చింది. "ఏమయ్యా! ఈ యాప్ నీ కంప్యూటర్లో నడవదు పో అన్నాడు వాడు! ఎవడు వాడు?" ఆ స్టూడియో కంప్యూటర్ బాగా పాతది, ముప్ఫైరెండు బిట్లది. నేను దర్జాగా అరవైనాలుగు బిట్లకి తయారు చేసి పంపాను. ఈ కాలంలో కూడా అలాంటివి బతికున్నాయని నాకేం తెలుసు? మార్చి పంపాను. ఆ రోజు గుసగుసగా, దయ్యం సినిమాలో పనిమనిషిలా చెప్పింది. "పెన్‌డ్రైవ్ పెట్టినాం... ఫైలు ఉండింది... కళ్ల ముందరే ఉండింది... చూస్తా ఉండగానే మాయమైపోయింది." యాంటీవైరస్ మింగేసింది. ఊరూ పేరూ లేని ప్రోగ్రామ్ ఎక్కడి నుంచో వచ్చిందని దానికి అనుమానం. ఇంజనీరుకి ఫోన్ ఇమ్మని, దాన్ని ఎలా ఒప్పించాలో చెప్పాను.

"సరి సార్, పరవాల్లేదు సార్, నేను చూసుకుంటా. ఇది మా ఆవిడ మాదిరి సార్, కొత్తోళ్లను ఇంట్లోకి రానీదు" అన్నాడు.

నా తల ప్రాణం తోకకొచ్చింది గానీ చివరికి ప్రోగ్రామ్ తెరుచుకుంది. ఆ కబురు పిన్ని కూతురి పెళ్లి కుదిరిన తల్లిలా చెప్పింది. నేను ఆఫీసు వరండాలో నిలబడి గాల్లోకి పిడికిలి ఊపాను. పిన్ని గుక్క తిప్పుకుని మిగతాది కూడా చెప్పింది.

"తెరుచుకుంది గానీ, 'ఈ రోజు డైలాగులు లేవు' అంటా ఉంది."

అక్కడ పట్టుకుంది నాకు శని. విషయమేమిటంటే, పిన్ని చిన్న అక్షరాల జాబితాలోంచి ఫైలు వెతుక్కోలేదు కాబట్టి ఆ పని ప్రోగ్రామ్‌కే అప్పగించాను. మాటల రచయిత పిన్నికి పాత స్నేహితుడు, బామ్మ వేషం మొదలయ్యేలోగా ఆవిడ బట్టీపట్టి నెట్టుకొస్తున్న రెండు మాటల వేషాలైనా సరే, మర్నాటి డైలాగులు ముందురోజే ఫోన్‌కి పంపేవాడు. వాటిని ఆ మర్నాటి తేదీనే పేరుగా పెట్టి పెన్‌డ్రైవ్‌లో వేస్తాను. ప్రోగ్రామ్ తెరవగానే కంప్యూటర్‌ని ఇవాళ ఏ తేదీ అని అడిగి, ఆ పేరున్న ఫైలు తీసి పెద్దక్షరాల్లో చూపిస్తుంది. అంతే, ఇందులో బ్రహ్మవిద్యేమీ లేదు.

ఇంట్లో బ్రహ్మాండంగా నడిచేది. విండోస్‌లా నటించే ఓ ప్రోగ్రామ్ ఉంది, లినక్స్‌లో దాన్ని వేసుకుని అందులో నడిపి చూసేవాణ్ని. ఏ రోజు తెరిస్తే ఆ రోజు డైలాగులు ఠంచనుగా వచ్చేవి. పిన్నిని కూర్చోబెట్టి, నేను ఒకసారి చదివి వినిపించి, "ఇప్పుడు తెర మీద చూసి చదువు" అంటే చక్కగా చదివేది. "బాగా కనపడతా ఉన్నాయి రా, భలే పని చేసినావు" అని నా తల నిమిరేది. అదే ఫైలు స్టూడియోకి వెళ్తే మాత్రం 'ఈ రోజు డైలాగులు లేవు'.

తప్పంతా క్రాస్ కంపైలర్‌దేనని తీర్మానించుకున్నాను. తెలుగు అక్షరాల మీద అనుమానపడ్డాను, ఫోల్డర్ల పేర్ల మధ్య గీతల మీద అనుమానపడ్డాను. పాత కంపైలర్ తెచ్చాను, కొత్తది తెచ్చాను, లైబ్రరీలన్నీ విప్పి మళ్లీ కట్టాను. తెల్లారి లేవగానే ఒకటి తయారు చేసి టిఫిన్ సంచీలో ఉప్మా పక్కన పెట్టడం, మధ్యాహ్నం 'లేవు' అన్న కబురు వినడం. పిన్ని ఆ ఒక్క వాక్యాన్ని తనకు తెలిసిన రసాలన్నిటిలోనూ చెప్పేసింది. బామ్మ వేషం మొదలయ్యే రోజు దగ్గరికొచ్చేసింది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. రాత్రి అన్నం పెట్టేటప్పుడు మాత్రం గరిటె కంచం అంచుకు తగిలి అన్నం కింద పడితే, "ఛ, ఏందీ కళ్లు" అంది.

ఇక లాభం లేదు, ఆ కంప్యూటర్‌ని నేను చూసి తీరాలి అనుకున్నాను. దారి పిన్నే చెప్పింది. బామ్మ వేషం మొదలయ్యే రోజు పొద్దున్నే అదే సినిమాకి గుంపు గొంతులు రికార్డు చేస్తారు. జనం పరుగెత్తుతూ అరిచే సీను, మగవాళ్లు కావాలి. "నిన్ను గుంపులో ఆర్టిస్టుగా తీసుకుపోతా. నోరు తెరిచి అరిస్తే చాలు" అంది.

ఆఫీసుకి సెలవు పెట్టి వెళ్లాను. ఫోన్ డబ్బాలో వేశాను. ఏడెనిమిది మందిమి మైకు చుట్టూ నిలబడ్డాం. దొంగను తరుముకుంటూ "పట్టుకోండి! కొట్టండి!" అని అరవాలి. మిగతావాళ్లు మెడనరాలు ఉబ్బేలా అరిచారు. డైరెక్టరు హైదరాబాద్ నుంచి వచ్చిన మనిషి, గాజు అద్దం అవతల కూర్చుని ఉన్నాడు. స్పీకర్లో అతని గొంతు వినిపించింది.

"నీలం చొక్కా అన్నా... కొట్టుమంటున్నవా, కొట్టాల్నా అని పర్మిషన్ అడుగుతున్నవా?"

అందరూ నవ్వారు. మళ్లీ అరిచాను. ఆఫీసు మీటింగుల్లో అలవాటైన గొంతు, ఎంత పెంచినా వినయం పోలేదు. చివరికి నన్ను మైకుకి దూరంగా, గోడ దగ్గర నిలబెట్టి పెదాలు కదిలిస్తే చాలన్నాడు. డబ్బింగ్ థియేటర్లో నోరు మూసుకుని పెదాలు కదిపినవాణ్ని నేనొక్కణ్నేనని పిన్ని ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

కాఫీలకి ఆపినప్పుడు ఇంజనీరు నన్ను పక్క గదిలోకి తీసుకెళ్లి కంప్యూటర్ చూపించాడు. నుదుటన విభూతి, కుంకుమ, ఎండిపోయిన మల్లెచెండుతో అది ఓ మూల కొలువై ఉంది. ఇన్ని వారాలు నన్ను ఏడిపించింది ఇదా అని కోపంగా దాని ముందు కూర్చున్నాను. ప్రోగ్రామ్ తెరిచాను. ఈ రోజు డైలాగులు లేవు. ఫైలు చూశాను, ఉండాల్సిన చోటే ఉంది. ఏం చేయాలో తోచక తెర మూలకి చూశాను. అక్కడ గడియారం కింద తేదీ ఉంటుంది కదా. అందులో నేనింకా చెన్నై రాని కాలపు తేదీ ఒకటి కనబడింది. గురువారం.

"ఏమండీ, ఈ తేదీ తప్పు చూపిస్తోందేంటి?"

"అదా సార్! తప్పు కాదు సార్, నేనే పెట్టింది. పొద్దున వస్తానే ఫస్ట్ పని అదే. ఈ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉండాదే, ట్రయల్ సార్. నెల రోజులే పని చేస్తాది. డేట్ ఎనక్కి తోసేస్తే దానికి తెలవదు. పాపం, అది ఇంకా నిన్నే వచ్చినా అనుకుంటా ఉండాది."

"ఎన్నాళ్ల నుంచి?"

"అది వచ్చినప్పట్నుంచీ సార్. గురువారం మంచిదని ఆ పొద్దు స్టార్ట్ చేసినాం. ఈడ ఎప్పుడూ గురువారమే."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కంపైలర్ తప్పు లేదు, లైబ్రరీల తప్పు లేదు. నా ప్రోగ్రామ్ ఇవాళ ఏ రోజని మర్యాదగా అడుగుతుంటే, ఆ కంప్యూటర్ నమ్మకంగా అబద్ధం చెబుతోంది. వారాల తరబడి నేను ఇంట్లో కూర్చుని, ఏ పాపం ఎరగని లైబ్రరీలను విప్పుతూ కడుతూ గడిపాను.

ఆవేశంలో తేదీ సరిచేసేశాను. నా ప్రోగ్రామ్‌లో డైలాగులు ప్రత్యక్షమయ్యాయి. ఆ పక్కనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, గడువు ముగిసింది అని ఎర్రగా రాసి నల్లబడిపోయింది.

"అయ్యయ్యో! చంపేసినారే సార్!" అని ఇంజనీరు నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు.

పిన్ని వేషం కాపాడదామని వచ్చి సినిమా మొత్తాన్ని ఆపేశానేమో అనుకున్నాను. గబగబా మళ్లీ ఆ పాత గురువారం పెట్టి, సాఫ్ట్‌వేర్ మూసి తెరిచాను. ఇంజనీరు కళ్లు మూసుకుని, వాళ్లూరి అమ్మవారిని తలుచుకుంటూ "వడివుడయమ్మా, మురుగా" అంటున్నాడు. తెరుచుకుంది. అతను కంప్యూటర్‌కి దణ్ణం పెట్టాడు. నేనూ పెట్టాను, విండోస్‌కి అని కూడా చూసుకోలేదు.

ఆ తర్వాత చేసిన పని చెప్పాలంటే సిగ్గేస్తుంది. ఇవాళ్టి ఫైలు పేరు మార్చి ఆ గురువారం తేదీ పెట్టాను. అంతే. ఇంజనీరు మైకు పక్కన నిలబెట్టిన టీవీ తెర నిండా జానెడేసి తెల్లని అక్షరాలు వచ్చి నిలబడ్డాయి. ఇంజనీరు "సూపర్ సార్!" అన్నాడు. డైరెక్టరు అద్దంలోంచి చూసి, "ఓ, నువ్వు సాఫ్ట్‌వేరా అన్నా! అందుకే గట్ల అరిచినవ్" అని, "ఇది మాత్రం మస్తుంది" అని మెచ్చుకున్నాడు. నా ఛాతీ కొలతలు పెరిగాయి.

పిన్ని కొత్త చీర కట్టుకుని మైకు ముందుకొచ్చింది. చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుంది. బామ్మ మొదటి సీను. చాలా ఏళ్లకి మనవడు ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడతాడు. రిహార్సల్‌లో పిన్ని మొదటి లైను చెప్పింది, బాగుంది. కానీ సినిమా తెర మీద బామ్మ పెదాలు ఇంకా కదులుతుండగానే మాట అయిపోయింది. డైరెక్టరు ఆలోచించి, స్పీకరు ఆపి, అద్దం ఇవతల నాకు కొత్త లైను చెప్పాడు. నేను ఇంజనీరు పక్కన కూర్చుని టకటకా టైపు చేశాను. మైకు పక్క తెర మీద కొత్త లైను ఠీవిగా వచ్చి నిలబడింది.

"అమ్మా, కొత్త లైను స్క్రీన్ మీద ఉంది. టేక్" అన్నాడు డైరెక్టరు.

పిన్ని పాత లైనే చెప్పింది.

"అది కాదమ్మా, కొత్తది. స్క్రీన్ చూడుండ్రి."

పిన్ని గొంతు సవరించుకుంది. మళ్లీ పాతదే చెప్పింది, ఈసారి కాస్త సాగదీసి.

అద్దంలోంచి చూశాను. ఆవిడ ముఖం మైకు పక్క తెరవైపే ఉంది గానీ, తల అటూ ఇటూ తిప్పుకుంటోంది. అంత పెద్ద అక్షరాల ముందు నిలబడి అక్షరాలు ఎక్కడున్నాయో వెతుక్కుంటోంది. ఎవర్నీ అడక్కుండా తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను.

"ఇంట్లో బాగా కనపడుతున్నాయన్నావు కదా పిన్నీ!" అన్నాను రహస్యంగా.

"నువ్వు చదివి వినిపిస్తివి గదరా ముందర. అయ్యే చెప్పినా. నువ్వంత కష్టపడతా ఉంటే కనపడలేదని ఎట్టా చెప్పేది?"

విండోస్‌లా నటించే ప్రోగ్రామ్ మీద నా ప్రోగ్రామ్‌ని, కనిపిస్తున్నట్టు నటించే పిన్ని మీద నా అక్షరాలని పరీక్షించుకుని, రెండూ పాసయ్యాయని మురిసిపోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది. తెలివితక్కువ వెధవని.

మా పక్కనే మైకు ఉందన్న సంగతి ఇద్దరం మరిచిపోయాం. స్పీకర్లో డైరెక్టరు గొంతు వచ్చింది, ఈసారి వేళాకోళం లేదు.

"అమ్మా... మీకు కనిపిస్తలేదా?"

ఇప్పుడు ఏదో ఒక అబద్ధం నేనే చెప్పాలి అనుకున్నాను. అద్దాలు ఇంట్లో మరిచిపోయిందందామా? పిన్ని నాకన్నా ముందే మైకులో మాట్లాడింది, తన సొంత గొంతుతో.

"కనపడదు బాబూ. ఎదురుగా ఉండేది ఏదీ కనపడదు. వినపడతాది. తమిళం చెవిలో పడతా ఉంటే ఏడ ఎత్తాలో ఏడ ఆపాలో నాకు తెలుసు. మాట ఎవరన్నా పక్కనుంచి అందిస్తే చెప్తా. వద్దంటే పోతా."

ఇంజనీరు తల వంచుకుని మీటలకేసి చూస్తున్నాడు.

"ఒక్క సీన్ చూద్దామమ్మా" అన్నాడు డైరెక్టరు. "కుదిరితే మీరే చెయ్యుండ్రి. కుదరకపోతే నన్ను తప్పు పట్టొద్దు. ఎవరందిస్తరు?"

అందరూ నా వంకే చూశారు. పొద్దున్నే నన్ను అక్కడే గోడ దగ్గర నిలబెట్టి పెదాలు మాత్రం కదపమన్న మనిషికి, ఇప్పుడు నా చేత మాట్లాడించక తప్పలేదు. నేను పిన్ని పక్కన నిలబడ్డాను. నేను తయారు చేసిన అంత పెద్ద అక్షరాలను చివరికి చదివింది, కళ్లు నిక్షేపంగా ఉన్న నేను. నాకు తెలిసిన ఒకే ఒక్క చప్పటి గొంతుతో, ఆవిడ చెవి దగ్గర హెడ్‌ఫోన్ కాస్త పక్కకి జరిపి చెప్పాను.

"వచ్చినావా నాయనా. చీకట్లో నిలబడ్డావేంది. ఇట్రా, నీ మొఖం చూడనీ."

ఎర్ర దీపం వెలిగింది. తెర మీద ఆ తమిళ బామ్మ గుమ్మంకేసి చూసింది. పిన్ని అటు చూడలేదు. నావైపు తిరిగింది. నేరుగా చూస్తే నేను కనిపించను కదా, తల కొంచెం పక్కకి వంచి, కంటి చివర్నుంచి నన్ను వెతికి పట్టుకుంది.

"వచ్చినావా నాయనా... చీకట్లో నిలబడ్డావేంది... ఇట్రా... నీ మొఖం చూడనీ."

బామ్మ పెదాలూ పిన్ని మాటా ఒకేసారి ఆగాయి. ఒకే ఇంట్లో ఉంటూ, రోజూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటూ, ఆవిడకి నా ముఖం కనిపించడం లేదన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టనేలేదు. ఎర్ర దీపం ఆరిపోయింది. స్పీకర్లో డైరెక్టరు "ఓకే అమ్మా" అన్నాడు.

నేను ముక్కు ఎగబీల్చి కళ్లు తుడుచుకున్నాను. పిన్ని మోచేత్తో నా డొక్కలో పొడిచింది.

"ఏడుపు తర్వాత. ముందు రెండో లైను చెప్పు."